ఊళ్లో తిరిగే లారీల లెక్క

"మాకు ఫైర్‌వాల్ ఉందండీ." కంపెనీ నడిపేవాళ్లతో నెట్‌వర్క్ భద్రత మాట ఎత్తితే చాలు, మొదట వచ్చే జవాబు ఇదే. లక్షలు పోసి కొన్నాం కాబట్టి ఇక దిగుల్లేదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని చూస్తే నాకు దిగులు. మన నెట్‌వర్క్‌లో ఇప్పుడు ఏది ఎటు పోతోందో కనబడనప్పుడు గేటు ఎంత గట్టిదైనా ఉపయోగం తక్కువ.

ఈక్విఫాక్స్ సంగతి చూడండి. అమెరికాలో జనం అప్పుల చరిత్రను భద్రపరిచే పెద్ద సంస్థల్లో అదొకటి. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. దాన్ని సరిచేసే ప్యాచ్ కూడా వచ్చింది. కానీ వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఒక పోర్టల్‌కి ఆ ప్యాచ్ పడలేదు. మే నెలలో దొంగలు అక్కడి నుంచే లోపలికి దూరారు. ఎన్‌క్రిప్షన్ లేకుండా పడివున్న పాస్‌వర్డ్‌లు చేతికి చిక్కాయి. వాటితో ఆ పోర్టల్‌కి సంబంధమే లేని డేటాబేస్‌లలోకి వెళ్లి, సుమారు 9,000 సార్లు వెతికి, దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు తోడుకుపోయారు. ఇది 76 రోజులు సాగింది.

తప్పంతా ప్యాచ్‌దేనని చాలామంది తేల్చేశారు. నన్ను కలవరపెట్టేది మాత్రం ఆ 76 రోజులు.

నెట్‌వర్క్‌ని ఒక ఊరనుకోండి. పొలిమేరలో చెక్‌పోస్టు ఉంది, అదే ఫైర్‌వాల్. ఇదివరకు లారీ ఆపి, టార్పాలిన్ ఎత్తి చూస్తే సరుకేమిటో తెలిసేది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో నడిచేవి చాలావరకు సీలు వేసిన కంటైనర్లే. కొన్ని బ్రౌజర్‌లలో కనిపించే తాళం గుర్తు ఆ సీలే. అది మీ పాస్‌వర్డ్‌నీ కాపాడుతుంది, దొంగ మోసుకెళ్లే సరుకునీ కాపాడుతుంది. తాళం గుర్తు ఉంటే సైటు మంచిదే అనుకోవడం అందుకే పొరపాటు. సీలు విప్పి, చూసి, మళ్లీ వేసే పరికరం ఈక్విఫాక్స్ దగ్గర ఉంది. అది పనిచేయాలంటే చెల్లుబాటులో ఉన్న డిజిటల్ సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ గడువు ముగిసి 19 నెలలైందని 2018లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ నివేదిక తేల్చింది. అన్నాళ్లూ కంటైనర్లు సీళ్లతోనే సాఫీగా దాటిపోయాయి. 2017 జులై 29న కొత్త సర్టిఫికెట్ వేశారు. వేసిన వెంటనే చైనాలోని ఒక ఐపీ అడ్రస్‌తో నడుస్తున్న అనుమానాస్పద ట్రాఫిక్ కనబడింది. మర్నాడు పోర్టల్ మూసేశారు.

మరి సీలు విప్పలేనప్పుడు దారి లేదా? ఉంది, అదే నాకు ఎంతో ఇష్టమైన భాగం. రూటర్లు, స్విచ్‌లు ప్రతి లారీకీ ఒక వే బిల్లు రాసిపెట్టగలవు. ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి, ఏ పోర్టు మీద, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఎన్ని బైట్లు, అంతే. దీన్ని ఫ్లో రికార్డు అంటారు. 1990లలో సిస్కో తెచ్చిన నెట్‌ఫ్లోతో ఇది జనంలోకి వచ్చింది. లోపలి సరుకు తెలియకపోయినా లారీల నడక చాలా చెబుతుంది. అకౌంట్స్ విభాగంలోని కంప్యూటర్ అర్ధరాత్రి రెండు గంటలకు ఎన్నడూ మాట్లాడని దేశానికి 40 జీబీ ఎందుకు పంపుతోంది? ప్రింటర్ జీతాల సర్వర్ తలుపు ఎందుకు తడుతోంది? ఒక ల్యాప్‌టాప్ సరిగ్గా ఐదు నిమిషాలకోసారి ఒకే అడ్రస్‌కి చిన్న కబురు ఎందుకు పంపుతోంది? మనుషులు గడియారం చూసుకుని క్లిక్ చేయరు, మాల్‌వేర్ చేస్తుంది. పైగా ప్రింటర్ నుంచి సర్వర్‌కి పోయే లారీ పొలిమేర దాటదు, ఊళ్లోనే తిరుగుతుంది. చెక్‌పోస్టుకి అది ఎప్పటికీ కనబడదు. అందుకే లోపలి స్విచ్‌ల దగ్గర కూడా వే బిల్లులు రాయాలి.

ఈ విద్యకి పెద్దదిక్కుగా నేను భావించేది క్లిఫర్డ్ స్టోల్‌ని. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. ఖగోళ శాస్త్రం చదివిన ఆయన ఆ తేడాని వదల్లేదు. బయటి నుంచి వచ్చే మోడెమ్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, దొంగ కొట్టే ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి రాబట్టారు. తలుపు మూయకుండా నెలల తరబడి గమనించారు. కూపీ చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కి, అక్కడి నుంచి సోవియట్ గూఢచార సంస్థ కేజీబీకి చేరింది.

మన ఆఫీసుల్లో ఆయుధపూజ నాడు సర్వర్ ర్యాక్‌లకు బొట్టు పెడతారు, కొన్నిచోట్ల నిమ్మకాయలు, మిరపకాయలు కడతారు. భక్తికి నేను అడ్డు చెప్పను. కానీ ఆ ర్యాక్‌లోని తనిఖీ పరికరం సర్టిఫికెట్ గడువు ఎప్పుడని అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. దిష్టి తగలడం వల్ల డేటా పోదు, చూసేవాళ్లు లేక పోతుంది.

2022లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో కంపెనీలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, చొరబాటు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. అసలు తెలియకపోతే ఆ 6 గంటలు మొదలే కావు. కాబట్టి ఐటీ బృందాన్ని ఒక పని అడగండి. ఉత్తుత్తి డేటాతో నింపిన పెద్ద ఫైలొకటి లోపలి నుంచి బయటికి పంపమనండి, ఎంతసేపటికి హెచ్చరిక మోగుతుందో చూడండి. ఏడాదికోసారి కాదు, ప్రతి నెలా.

సీళ్లు విప్పే అధికారానికి హద్దు కూడా కావాలి. ఉద్యోగి తన బ్యాంకుతోనో ఆసుపత్రితోనో మాట్లాడే కంటైనర్‌ని కంపెనీ తెరవకూడదు. అలాంటి సైట్లను మినహాయించే వీలు ఈ పరికరాల్లో ఉంది. వేటిని తెరుస్తున్నారో, వేటిని తెరవడం లేదో ఉద్యోగులకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి.