చెరువు గట్టుకు రప్పించే దాగుడుమూత

పటాన్‌చెరు: పారిశ్రామికవాడకు చేరువలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పక్షి ప్రేమికులకు పరిచయమైన ఈ గట్టుకు ఇతరులనూ రప్పించేందుకు జియోక్యాషింగ్ అనే ఆట అక్కరకు రాగలదు. 2000 మేలో అమెరికా ప్రభుత్వం పౌరులకందే జీపీఎస్ సంకేతాలలో కావాలని కల్పించిన తేడాను తొలగించగానే ఆరెగాన్‌లో ఇది మొదలైంది. ఒకరు డబ్బాలో చిన్న పుస్తకముంచి దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటిస్తారు. సెల్‌ఫోన్ సాయంతో వెదకి వచ్చినవారు పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను యథాస్థానంలో ఉంచాలి.

ఎక్కడ దాచాలన్నదే అసలు చిక్కు. నీటి అంచు పొదల్లో దాస్తే వెదికేవారి కాళ్ల కింద గూళ్లు, గుడ్లు నలుగుతాయి. అధికారుల అనుమతితో కాలిబాట పక్కనే ఉంచాలి. మొసళ్లుండే మంజీర అభయారణ్యంలోనైతే ఒడ్డున వెదకడం ప్రాణాలతో చెలగాటమే. అక్కడ డబ్బాలేని పద్ధతి మేలు. సూచించిన చోటికి చేరి, కళ్లెదుట కనిపించేదానిపై అడిగిన ప్రశ్నకు జవాబు పంపితే చాలు.