గాలిదారి 170, నీళ్లదారి 306

కర్నూలు నుంచి కడపకు విమానంలో ఎంతసేపు? ఎడిటర్ అప్పగించిన ప్రశ్న ఇదొక్కటే. శుక్రవారం సాయంత్రానికల్లా కథనం చేతికివ్వాలి. లెక్కయితే తేలికే. ఊరికీ ఊరికీ నేరుగా గీత గీస్తే సుమారు 170 కిలోమీటర్లు, విమానాశ్రయాల మధ్య దాదాపు 150. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌కు ఎక్కడం, దిగడం కలిపి అరగంట పైచిలుకు చాలు. కానీ ఈ రెండింటి నడుమ నేరు విమానం లేదు, దాని అక్కరా నాకు కనబడలేదు. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు కడప దారిలోనే ఉంది. అక్కడ దిగి, తనిఖీలు ముగించుకుని, గంటసేపు ఎదురుచూసేలోగా అదే 40వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు నంద్యాల చేరిపోతుంది. ఆపైన ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. రోడ్డు మొత్తం 200 కిలోమీటర్ల పైమాటే, ప్రయాణం నాలుగు గంటల పైన.

దూరాలు వెతుకుతుంటే నన్ను పట్టి నిలిపిన అంకె వేరు: 306 కిలోమీటర్లు. అది కర్నూలు–కడప కాలువ పొడవు. జనం నోట కేసీ కెనాల్.

గీత గీస్తే 170 ఉన్న దూరం కాలువకు అంతెందుకైంది? నీళ్లు పల్లం వెతుక్కుంటూ పోవాలి, మిట్ట అడ్డొస్తే చుట్టి రావాలి. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలిన కాలువ కర్నూలులో హంద్రీకి ఎదురుపడుతుంది. అక్కడ నదిలో కలవదు. అక్విడక్టు మీదుగా దాటుతుంది, పైన తుంగభద్ర నీళ్లు, కింద హంద్రీ. ఎండాకాలం పోయి కాలువకు నీళ్లొదిలాక ఆ చోటు చూడాల్సిందే. తర్వాత నీళ్లు నంద్యాల వైపు తిరిగి కుందూ నదిని అందుకుంటాయి, రాజోలి ఆనకట్ట, పెన్నాపై ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాటి కడప చేరతాయి. ఈ కాలువను సాగుకే కాదు, పడవలు నడపడానికీ తవ్వారు! రెండు ఊళ్లనూ నీటి మీద కలపాలని ఒకప్పుడు నిజంగానే తలచారు.

చరిత్ర క్లుప్తంగా: 1863లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కాలువ పని మొదలుపెట్టింది. రాబడి లేక, 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది.

ఇవాళ దీని కింద ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు 39.9 టీఎంసీలు. కానీ తుంగభద్రకు వరద ఆలస్యమైతే పైన నాట్లు పడుతున్నా, కింద చాపాడు, ఖాజీపేట రైతు ఇంకా నారుమడి దగ్గరే ఆగిపోతాడు. కర్నూలు, కడపల మధ్య నన్ను కలవరపెట్టే ఆలస్యం ఇదే. రన్‌వేలకు పెట్టినంత శ్రద్ధ కాలువ గట్లకూ, లైనింగుకూ, చివరి తూములకూ పెట్టాలి.

మిగిలిన సంగతులు

కడపలో కొత్త టెర్మినల్ 2015 జూన్‌లో తెరిచారు. 2017 ఏప్రిల్ 27న దేశంలో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే కడప–హైదరాబాద్ విమానం ఎగిరింది. 1847లో బ్రిటిష్‌వారు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న కర్నూలు విమానాశ్రయం నుంచి 2021 మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖలకు సర్వీసులు మొదలయ్యాయి.

రైలెక్కితే కర్నూలు నుంచి డోన్, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టి కడప రావాలి. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 123 కిలోమీటర్ల లైను 2016లో అందుబాటులోకి వచ్చింది. నంద్యాలవాళ్లకు ఆ చుట్టు తప్పింది.