ఫోను తీగె మీద నోటీసు బోర్డు
చికాగో మంచులో పుట్టిన ముచ్చట - చెడిన యంత్రాలకు ఇరుగు పొరుగే వైద్యులు

అది 1978 జనవరి. అమెరికాలోని చికాగో నగరం మంచు తుఫానులో కూరుకుపోయింది. పారతో మంచు తోడిపోస్తే గాని గుమ్మం దాటే వీలు లేదు. ఐ.బి.ఎం. కంపెనీ ఉద్యోగి వార్డ్ క్రిస్టెన్సెన్ ఆ రోజు ఇంట్లోనే చిక్కుకుపోయారు. పొద్దు పోక మిత్రుడు రాండీ స్యూస్‌కు ఫోను చేశారు. ఆ ఫోను మాటల్లోంచే ఒక కొత్త వస్తువు పుట్టుకొచ్చింది.

ఇద్దరూ ఆ ఊరి కంప్యూటర్ ఔత్సాహికుల సంఘంలో సభ్యులు. సొంతంగా విడిభాగాలు కొని, టంకం వేసి, ఇంట్లోనే కంప్యూటర్ తయారు చేసుకునేవారి సంఘం అది. సమావేశం జరిగే చోట గోడకు ఒక బెండు పలక ఉండేది. మన పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు లాంటిదే. సమావేశానికి రావడానికి ఎవరి కారులోనైనా చోటు కావాలని ఒకరు, చిప్పులు అందరం కలిసి టోకున కొందామని మరొకరు చీటీ రాసి గుండుసూదితో గుచ్చిపోయేవారు. చీటీ చదవాలంటే మాత్రం అక్కడిదాకా వెళ్లాలి. ఆ పలకనే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే? ఎవరింట్లో వారు కూర్చుని ఫోను మీద చదువుకుంటారు, ఫోను మీదే చీటీ గుచ్చిపోతారు.

యంత్రం పని స్యూస్ చూశారు, దాన్ని నడిపే ప్రోగ్రాం క్రిస్టెన్సెన్ రాశారు. రెండు వారాల్లో పని అయిపోయింది. అంత త్వరగా అయిందంటే ఎవరూ నమ్మరని నెల పట్టిందని చెప్పుకున్నారట! 1978 ఫిబ్రవరి 16ను దాని పుట్టినరోజుగా లెక్కిస్తారు. పేరు కంప్యూటరైజ్డ్ బులెటిన్ బోర్డ్ సిస్టమ్. పొట్టిగా సి.బి.బి.ఎస్. క్రిస్టెన్సెన్ ఇల్లు నగరం వెలుపల ఉండేది. నగరంలోని వారికి లోకల్ కాల్ ఖర్చుతోనే సరిపోవాలని యంత్రాన్ని స్యూస్ ఇంట్లో పెట్టారు. ఉన్నది ఒకే ఫోను లైను. కాబట్టి ఒకసారి ఒక్కరే. ఒకరు పెట్టేస్తే గాని రెండోవారికి దారి లేదు.

పాతాళ గరిగె ఎవరింట్లో?

తొలి రోజుల్లో ఈ బోర్డుకు వచ్చినవారంతా యంత్రాలతో కుస్తీ పట్టేవారే. అందుకే చీటీల్లో యంత్రాల కష్టాలకే పెద్దపీట. ఫలానా బోర్డు పెడితే యంత్రం లేవడం లేదు, ప్రింటర్ సగం గీత కొట్టి ఆగిపోతోంది, ఫ్లాపీ డిస్కు ఒకరి యంత్రంలో చదువుతుంది ఇంకొకరి యంత్రంలో చదవదు. ఇలాంటివే. ఒకరు రాత్రి చీటీ పెడితే ముక్కూ మొహం తెలియని మరొకరు మర్నాడు జవాబు రాసి వెళ్లేవారు. ఫీజు లేదు, పేరు ప్రఖ్యాతుల మాట లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రింటర్ చెడితే బోర్డు మీద అడగవచ్చు. బోర్డును చేరే దారే చెడితే? బావిలో చేద పడిపోతే ఆ చేదతోనే దాన్ని తీయలేం. పాతాళ గరిగె ఉన్న ఇంటికి పరుగెత్తాలి. వీళ్లూ అదే చేసేవారు. సంఘంలో తెలిసినవారికి మామూలుగా ఫోను చేసి, ఇదిగో తెర మీద ఇలా పడుతోంది అని చదివి వినిపించేవారు. అవతలి మనిషి యంత్రాన్ని చూడకుండానే, చెప్పిన లక్షణాలను బట్టి జబ్బు పట్టాలి.

లక్షణాలు చాలావరకు అందరికీ తెలిసినవే. కొట్టిన ప్రతి అక్షరం తెర మీద రెండేసి పడుతోందా? అక్షరాన్ని తన యంత్రం ఒకసారి, అవతలి యంత్రం ఒకసారి చూపిస్తోందన్నమాట. ఒకచోట ఆపితే చాలు. కొట్టింది ఏదీ పడకపోతే దానికి తిరగబడ్డ కథ. కొన్ని అక్షరాలు బాగుండి కొన్ని వికారంగా మారితే ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లు పంపాలన్న ఒప్పందంలో ఇరువైపులా తేడా ఉన్నట్టు. ఏమీ రాక తెర శూన్యంగా ఉంటే మొదటి అనుమానం తీగె మీదే. కంప్యూటర్‌ను మోడెంకు కలిపే తీగెకు 25 సూదులు ఉండేవి. 2వ సూది పంపడానికి, 3వ సూది అందుకోవడానికి. రెండు కంప్యూటర్లను మోడెం లేకుండా నేరుగా కలపాలంటే ఆ రెంటినీ అటూ ఇటూ మార్చి కట్టాలి. లేకపోతే ఇద్దరూ మాట్లాడేవారే, వినేవారు లేరు.

లోపల చూడాల్సినవి వేరే ఉన్నాయి. యంత్రం వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, చిప్పులు తమ గూళ్లలోంచి కొద్దికొద్దిగా పైకి జరిగేవి. మూత తీసి బొటనవేలితో ఒక్కొక్కదాన్ని నొక్కడమే మందు. బోర్డు అంచున ఉండే లోహపు పట్టీలకు మసి పడితే స్కూలు పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దేవారు. యాపిల్ కంపెనీ 1980లో తెచ్చిన యాపిల్ 3 యంత్రానికి ఈ చిప్పుల బెడద మరీ ఎక్కువ. యంత్రాన్ని బల్ల మీంచి రెండు మూడు అంగుళాలు పైకెత్తి వదిలేయమని కంపెనీ వాళ్లే సలహా ఇచ్చారు. పలకని రేడియో నెత్తిన ఒకటి మొట్టడం మనకే కాదు, వాళ్లకూ తెలుసు.

గరగరల కాపురం

అన్నిటికన్నా ఏడిపించింది ఫోను లైను. కంప్యూటర్ భాష ఫోను తీగె మీద నేరుగా పోదు. దాన్ని కూతగా మార్చి పంపేది, వచ్చిన కూతను మళ్లీ అక్షరాలుగా మార్చేది మోడెం. ఆ రోజుల్లో మామూలు మోడెం వేగం సెకనుకు 300 బిట్లు, అంటే 30 అక్షరాలు. నిండుగా రాసిన ఒక పేజీ దిగడానికి నిమిషం పైనే పట్టేది. కొన్ని మోడెంలకు తీగె ఉండదు. రెండు రబ్బరు గిన్నెలు ఉంటాయి. ఫోను రిసీవర్‌ను ఆ గిన్నెల్లో బోర్లా పెట్టాలి. గదిలో ఎవరైనా తలుపు ధడాలున వేస్తే ఆ చప్పుడు కూడా రిసీవర్‌లోకి పోయి తెర మీద పిచ్చి అక్షరాలై పడేది.

లైనులో గరగర వచ్చినా అంతే. చదువుతున్న చీటీ మధ్యలో కొక్కేల గుర్తులు, అలల గీతలు బారులు తీరేవి. ఇంట్లో ఇంకో గదిలో రెండో ఫోను ఉంటే, సంగతి తెలియని ఇల్లాలో పిల్లవాడో దాన్ని ఎత్తడంతోనే అరగంట శ్రమ గంగపాలు. మాట్లాడుతుండగా మరో కాల్ వస్తే బీప్‌మని చెప్పే సౌకర్యం అమెరికాలో అప్పటికే వచ్చింది. మనుషులకు సౌకర్యం, మోడెంకు గండం. ఆ బీప్‌తో లైను తెగిపోయేది. డయల్ చేసే ముందు నక్షత్రం గుర్తు నొక్కి 70 నొక్కితే ఆ కాల్ వరకు బీప్ రాదని ఒకరికొకరు చెప్పుకునేవారు.

చీటీలో రెండు అక్షరాలు చెడితే ఊహించి చదువుకోవచ్చు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం చెడినా అది పనికిరాదు. గంటసేపు ఫోను ఛార్జీ కట్టి దింపుకున్నది చెత్తబుట్టకే. ఈ బాధకు మందు సి.బి.బి.ఎస్. పుట్టకముందే, 1977లోనే, క్రిస్టెన్సెన్ తయారు చేసి ఉంచారు. తర్వాత దానికి ఎక్స్‌మోడెం అని పేరు స్థిరపడింది.

ధాన్యం లారీ దగ్గర లెక్క రాసే గుమాస్తాను తలచుకుంటే అది ఇట్టే అర్థమవుతుంది. పంపాల్సిన సరుకును 128 అక్షరాల మూటలుగా కడతారు. ప్రతి మూట మీద వరుస నంబరు వేస్తారు. మూటలోని అక్షరాలన్నిటికీ కంప్యూటర్‌లో అంకెల విలువ ఉంటుంది కదా, ఆ అంకెలన్నీ కూడి, మొత్తాన్ని 256తో భాగించి, మిగిలిన శేషాన్ని మూట చివర రాస్తారు. అందుకున్న యంత్రం మళ్లీ తానుగా కూడి చూస్తుంది. లెక్క కుదిరితే "అందింది" అని ఒక్క గుర్తు పంపుతుంది. కుదరకపోతే "అందలేదు" అని ఇంకో గుర్తు. అందలేదంటే ఆ ఒక్క మూటనే మళ్లీ పంపాలి. ముందు దింపిన సరుకు జోలికి పోనక్కర్లేదు. పదిసార్లు పంపినా లెక్క కుదరలేదంటే లైను బాగాలేదని పని ఆపేస్తారు.

లోపం లేని పద్ధతి కాదది. ఒక మూటలో రెండు తప్పులు పడి, ఒకటి పెంచింది ఇంకొకటి తగ్గిస్తే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అందుకని తర్వాతివారు ఇంకా గట్టి లెక్క జోడించారు. అయినా ఇంత చిన్న ఉపాయాన్ని ఏ రకం కంప్యూటర్ మీదనైనా రాసుకోవచ్చు. అసలు సంగతి అది. క్రిస్టెన్సెన్ దానికి వెల కట్టలేదు, హక్కులు దాచుకోలేదు. ఎవరికి కావాలంటే వారు వాడుకోండని వదిలేశారు. వందల చేతుల్లో పడి అది దేశదేశాల బోర్డులకు పాకింది. 1978 నవంబరులో "బైట్" అనే పత్రికలో బోర్డు తయారీ గురించి కూడా ఇద్దరూ రాసి పెట్టారు. అది చూసి ఇతర ఊళ్లవారు తమ బోర్డులు కట్టుకున్నారు.

అర్ధరాత్రి మోగిన ఫోను

ఒక బోర్డు చీటీ ఇంకో ఊరి బోర్డుకు చేరాలంటే? శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ 1984లో ఆ దారి వేశారు. తన బోర్డు ప్రోగ్రాంకు ఫైడో అని పేరు పెట్టి, బాల్టిమోర్‌లోని జాన్ మాడిల్ బోర్డుతో కలిపారు. ఫోను ఛార్జీలు తక్కువగా ఉండే అర్ధరాత్రి వేళ యంత్రాలు వాటంతటవే ఒకదానికొకటి ఫోను చేసుకుని ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునేవి. కొద్ది నెలల్లోనే చాలా ఊళ్ల బోర్డులు చేరాయి. అందరి ఫోను నంబర్ల పట్టీని జెన్నింగ్సే ఒంటిచేత్తో రాసి పంచేవారు.

ఆ పట్టీలో ఒక నంబరు తప్పు పడింది. ఆ నంబరు ఒక వృద్ధురాలి ఇంటిది.

రాత్రి పూట ఫోను మోగుతుంది. ఆమె లేచి ఎత్తుతుంది. అవతల మాట ఉండదు. పిలిచే మోడెం, ఎదుటి మోడెం కూత వినపడేదాకా నోరు విప్పదు మరి. ఆమె పెట్టేస్తుంది. మోడెం దొరకలేదని యంత్రం మళ్లీ డయల్ చేస్తుంది. నడిరేయి ఫోను మోగితే ఏ ఇంట్లోనైనా గుండె ఝల్లుమంటుంది. యంత్రాల యజమానులేమో హాయిగా నిద్రపోతున్నారు. అవతలి బోర్డుకు ఉత్తరాలు ఎందుకు పోవడం లేదో వాళ్లకు అంతుపట్టలేదు. బోర్డు నడిపే ఒకాయన చివరకు, యంత్రం డయల్ చేస్తుండగా రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నారు. కూతకు బదులు మనిషి గొంతు వినిపించింది.

తీగె చెడితే తమ పని ఆగుతుందనుకున్నవారికి, తమ పొరపాటుతో సంబంధం లేని ఇంట్లో నిద్ర చెడుతుందని అప్పుడు తెలిసింది. పట్టీ పని ఒక్క మనిషి మోయలేనంత అయిందనీ తేలిపోయింది. సెయింట్ లూయిస్ నగరానికి చెందిన కెన్ కప్లాన్, బెన్ బేకర్ తదితరులు ఆ బాధ్యత తీసుకున్నారు. కొత్తగా చేరేవారు తమ దరఖాస్తును ఆ యంత్రాల దారినే పంపాలని తర్వాత నిబంధన వచ్చింది. దరఖాస్తు అందిందంటే వారి యంత్రం, మోడెం, లైను సక్రమంగా ఉన్నట్టే. కాగితం మీద సంతకాలకన్నా మేలైన పరీక్ష!

మన దగ్గర

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. అప్పటికి మోడెంలకు ఆజ్ఞలిచ్చే భాష ఒకటి స్థిరపడింది. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెంతో తెచ్చిన భాష అది. ఏ.టి.డి.టి. అని కొట్టి నంబరు ఇస్తే మోడెం కూతలతో డయల్ చేస్తుంది. మన పాత ఎక్స్ఛేంజీలు చాలావాటికి ఆ కూత అర్థం కాదు. గుండ్రటి డయల్ తిప్పినట్టు టకటకలే కావాలి. అందుకు ఏ.టి.డి.పి. అని కొట్టాలి. ఆ ఒక్క అక్షరం తేడా తెలియక మోడెం చెడిందని మోసుకుపోయి దుకాణాల చుట్టూ తిరిగినవారు ఎందరో.

తెలుగువారికి ఇంకో కష్టం ఉండేది. 1990ల తొలినాళ్లలో అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లు యూజ్‌నెట్ అనే చర్చావేదికలో కబుర్లాడేవారు. తెర మీద పడేవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగును ఆ అక్షరాల్లోనే తప్పు లేకుండా రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి కట్టారు. చిన్న "టీ" రాస్తే త, పెద్ద "టీ" రాస్తే ట. అదీ ఉచితమే. అలా రాసినదాన్ని కంప్యూటర్ తెలుగు లిపిలోకి మార్చేది.

చికాగో బోర్డు మూతపడేనాటికి రెండున్నర లక్షల పైచిలుకు కాల్స్ అందుకుంది. రాండీ స్యూస్ 2019 డిసెంబరులో, వార్డ్ క్రిస్టెన్సెన్ 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఎక్స్‌మోడెంతో కోట్లు గడించే దారి ఉన్నా క్రిస్టెన్సెన్ అటు పోలేదు. 1968లో చేరిన ఐ.బి.ఎం.లోనే 2012 దాకా ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక కూడా మిణుకుమనే చిన్న దీపాల బిళ్లలు చేయించే శిబిరాల్లో కూర్చుని, కొత్తవారికి టంకం వేయడం నేర్పుతూ ఉండేవారు.