మీకు తెలుసా? వణికేది చెయ్యే, చెడింది మెదడులోని నల్లచార!

ఒళ్లో పెట్టుకున్న చెయ్యి వణుకుతోంది. బొటనవేలు చూపుడువేలిని రుద్దుతోంది. కాఫీ లోటా అందుకోగానే వణుకు తగ్గిపోయింది! పార్కిన్సన్స్ జబ్బు తీరే అంత. ఊరికే ఉన్న చేతినే పట్టుకుంటుంది. అదీ సెకనుకు 4 నుంచి 6 సార్లు! మన చిత్తూరు పల్లెల్లో "వయసు మీద పడింది లే" అని వదిలేస్తారు. ఒక్క వయసే కాదండీ!

మెదడు అడుగున ఓ నల్లచార ఉంది. పుట్టిన బిడ్డలో ఆ నలుపు కనిపించదు, ఏళ్లు గడిచేకొద్దీ చేరుతుంది! మన కదలికలకు కావాల్సిన డోపమైన్ తయారయ్యేది అక్కడి కణాల్లోనే. మొదటి వణుకు బయటపడేసరికి వాటిలో దాదాపు 50 శాతం పోయి ఉంటాయి. అంతదాకా మనకు చప్పుడే లేదు!

ఆ కణం కంటికి ఆనదు. మరి దాని తీగ కొమ్మలన్నీ విప్పి కలిపితే? దాదాపు 4.5 మీటర్లని శాస్త్రవేత్తల అంచనా! అంత పొడవుకూ శక్తి అందించాలి. ఆ పని మైటోకాండ్రియాలది. అవి పాడైతే కణం కూడా కూలుతుంది.

పాడైన మైటోకాండ్రియాలను ఏరి పారేసేవాళ్లూ లోపలే ఉన్నారు! పింక్1 అనే ప్రోటీన్ గుర్తు పెడుతుంది. పార్కిన్ అనే ఇంకో ప్రోటీన్ వాటిని వదిలించే ఏర్పాటు చేస్తుంది. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు పట్టుకున్న ఈ పార్కిన్‌ను తయారుచేసే జన్యువు పొడవు 13 లక్షల అక్షరాలకు పైనే! అమ్మ నుంచి వచ్చిన ప్రతీ, నాన్న నుంచి వచ్చిన ప్రతీ రెండూ చెడితే 40 ఏళ్లు నిండకముందే జబ్బు రావచ్చు.

ఇక్కడ మనవాళ్లు చెవి ఒగ్గి వినాలి. మేనమామకూ మేనకోడలికీ సగటున 25 శాతం జన్యువులు ఒకటే! వాళ్లిద్దరికీ పెళ్లి చేస్తే, ఇద్దరిలోనూ దాగిన ఒకే తప్పు బిడ్డలో జంటగా కలిసే అవకాశం పెరుగుతుంది. ఆ తప్పు పార్కిన్‌లోనూ ఉండొచ్చు, ఇంకే జన్యువులోనైనా ఉండొచ్చు. సంబంధం ఖాయం చేసుకునే ముందే ఈ మాట ఇంట్లో అనుకోవాలి.

పార్కిన్ ఒక్కటే కాదు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్‌లో 140 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 53వది మారిపోతే అది ఉండకట్టి కణాన్ని చంపుతుంది! 1997లో ఇటలీ మూలాలున్న ఒక కుటుంబంలో ఇది బయటపడింది. అసలు వింత వినండి. మనిషిని మంచాన పడేసే ఆ మార్పే ఎలుకల్లో పుట్టుకతో ఉంటుంది. వాటికి ఏమీ కాదు!

అలిపిరి మెట్లు 3,550 కదా! ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే ప్రోటీన్ కూడా అమైనో ఆమ్లాలే మెట్లుగా ఉన్న అలాంటి దారే. అందులో 2,019వ మెట్టు ఒక్కటి మారితే చాలు, ముప్పు పెరుగుతుంది! ఉత్తర ఆఫ్రికాలోని అరబ్బు, బెర్బెర్ రోగుల్లో దాదాపు 40 శాతం మందిలో ఈ మార్పే కనిపించింది. మన దేశంలో మాత్రం చాలా అరుదు!

ఇలా ఒక్క జన్యువు తప్పుతోనే జబ్బు వచ్చేది చాలా కొద్దిమందికే. మిగతావాళ్లలో చిన్నచిన్న మార్పులు పోగవుతాయి. 2019 నాటికే అలాంటివి 90 తేలాయి!

ఇక మందు దగ్గరికొస్తే, మన దూలగొండి సంగతి వినండి! కాయ తగిలితే ఒళ్లంతా దురదే. దాని గింజలో మాత్రం ఎల్‌-డోపా ఉంది. మెదడులో డోపమైన్‌గా మారే పదార్థం ఇదే! 1937లో దామోదరన్, రామస్వామి మద్రాసులో ఈ గింజల నుంచే దాన్ని వేరుచేశారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు కిందిదే! పార్కిన్సన్స్‌కు అది మందుగా నిలబడింది 1960లలో. ఇప్పటికీ దానికి సాటి మందు లేదు!

అలాగని గింజలు నూరి మింగకండి! ఎంత మోతాదు ఒంట్లోకి పోయిందో తెలియదు. డాక్టరు రాసిన మాత్రలు మానకండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, అక్కడ అడిగాకే ఏదైనా వాడండి.