హిప్నోథెరపీ: తెలుగు పరిభాష, అవగాహన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: హిప్నోథెరపీని తెలుగులో వశీకరణం, సమ్మోహనం, మోహనిద్ర అనే పేర్లతో వ్యవహరించడం కనిపిస్తుంది. ఈ పేర్లు ఆ చికిత్స స్వభావాన్ని ఎంతవరకు తెలుపుతున్నాయో, శ్రీకూర్మం నేపథ్యంలో కూర్మ ఉపమానం ఈ అవగాహనకు ఎలా తోడ్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హిప్నోథెరపీ, వశీకరణం, సూచన, ఏకాగ్రత, కూర్మ ఉపమానం.

1. ఉపోద్ఘాతం

చికిత్సకు పెట్టిన పేరు రోగిని వైద్యుని దగ్గరకు చేర్చవచ్చు, దూరం చేయనూవచ్చు. ఉత్తరాంధ్ర వ్యవహారంలో చేతబడికి ‘చిల్లంగి’ అనే మాట ఉంది. ఆ భయం ఇంకా పూర్తిగా తొలగని సమాజంలో ‘వశీకరణ చికిత్స’ అనే మాట వినగానే రోగి వెనుకడుగు వేయడం సహజం. కాబట్టి పరిభాషను పరిశీలించడం ఇక్కడ భాషావిషయం మాత్రమే కాదు, ఆరోగ్యవిషయం కూడా.

2. పేర్లు – అర్థచ్ఛాయలు

తాంత్రిక షట్కర్మలలో వశీకరణం ఒకటి. సమ్మోహనం మన్మథుని పంచబాణాలలో ఒకదాని పేరు. ఈ రెండు మాటలలోనూ లొంగదీసేవాడు ఒకడు, లొంగిపోయేవాడు మరొకడు ఉంటారు. మోహనిద్ర అనే మాట నిద్రను సూచిస్తుంది. ఆంగ్లపదంలోనూ ఇదే చిక్కు ఉంది. 1843లో హిప్నాటిజాన్ని గ్రంథరూపంలో వివరించిన జేమ్స్ బ్రెయిడ్, నిద్ర అనే అర్థం గల గ్రీకుమూలం నుంచి వచ్చిన పదాన్ని ప్రచారం చేశాడు. అది నిద్ర కాదని గ్రహించి, 1847లో ఒకే భావంపై మనసు నిలవడం అనే అర్థంలో ‘మోనోఐడియిజం’ను ప్రతిపాదించాడు. అప్పటికే పాతపేరు స్థిరపడిపోయింది.

బ్రెయిడ్ కంటే ముందే, గోవాలో పుట్టిన అబే ఫరియా (1756–1819) పారిస్‌లో ఈ ప్రక్రియను ప్రదర్శిస్తూ, దాని శక్తి ప్రయోక్తలో కాక పాల్గొనేవారి మనసులోనే ఉందని వాదించాడు. తెలుగునాట ఇంద్రజాలికుడిగా, మనస్తత్త్వ నిపుణుడిగా పేరొందిన డా. బి.వి. పట్టాభిరామ్ వంటివారి వల్ల హిప్నాటిజం సామాన్యులకు పరిచయమైంది. అయితే వేదికపై వినోదం, గదిలో చికిత్స వేర్వేరు ప్రయోజనాలు గలవి.

3. చికిత్సా విధానం

చికిత్సకుడు మొదట రోగి సమస్యను, ఆరోగ్యచరిత్రను తెలుసుకుంటాడు. తరువాత శ్వాసపైనో, ఒక బిందువుపైనో, ఊహించిన దృశ్యంపైనో రోగి దృష్టిని నిలుపుతాడు. పరిసరాల స్పృహ తగ్గి, సూచనకు స్పందించే గుణం పెరుగుతుంది. ఆ స్థితిలో నొప్పి, భయం వంటి అనుభవాలను వేరుగా స్వీకరించడానికి తగిన సూచనలు ఇస్తాడు. చివరకు రోగిని సాధారణ స్థితికి తెస్తాడు. సాధారణంగా రోగికి స్పృహ ఉంటుంది. ఇష్టంలేని సూచనను తిరస్కరించగలడు. సూచనకు స్పందించే గుణం అందరిలో ఒకేలా ఉండదు.

4. ప్రయోజనాలు – పరిమితులు

నొప్పి, శస్త్రచికిత్సకు ముందు కలిగే ఆందోళన వంటి సందర్భాలలో ఇది సహాయక చికిత్సగా ఉపయోగపడుతుంది. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగు సమస్యలో 12 నెలల మందుల తరువాత కూడా ఉపశమనం లేనివారికి పరిశీలించదగిన మానసిక చికిత్సలలో దీనిని బ్రిటన్‌కు చెందిన ‘నైస్’ సంస్థ 2008 మార్గదర్శకాలలో చేర్చింది.

ఇది మందులకు ప్రత్యామ్నాయం కాదు. భ్రమలు, భ్రాంతులతో కూడిన తీవ్ర మానసిక వ్యాధులలో హాని కలిగించవచ్చు. మరచిన సంగతులను వెలికితీయడానికి వాడితే జరగనివి జరిగినట్లు తోచే ప్రమాదం ఉంది. అందుచేత అర్హత గల మానసిక వైద్యుని లేదా క్లినికల్ సైకాలజిస్టు పర్యవేక్షణ అవసరం. ముందుగా ఎవరిని సంప్రదించాలో తెలియనివారు ప్రభుత్వ ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

5. కూర్మ ఉపమానం

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుని ఆలయానికి వచ్చేవారు అక్కడ సంరక్షిస్తున్న నక్షత్ర తాబేళ్లను కూడా చూస్తారు. భగవద్గీత రెండవ అధ్యాయం (2.58) ఇంద్రియాలను విషయాల నుంచి మరల్చడాన్ని తాబేలు అవయవాలను ముడుచుకోవడంతో పోల్చింది. గీత లక్ష్యం స్థితప్రజ్ఞత, చికిత్స లక్ష్యం ఉపశమనం. కాబట్టి రెండూ ఒకటి కావు. అయినా ఉపమానంలోని ఒక అంశం ఇక్కడ ఉపకరిస్తుంది. తాబేలు తనంతట తానే ముడుచుకుంటుంది, తనంతట తానే అవయవాలు చాపుతుంది. హిప్నోథెరపీలోనూ దృష్టిని లోపలికి మరల్చేది రోగే, చికిత్సకుడు దారి చూపుతాడు.

6. ముగింపు

వశీకరణం, సమ్మోహనం అనే పేర్లు రోగి కర్తృత్వాన్ని మరుగుపరుస్తున్నాయి. హిప్నోథెరపీ అనే వాడుకపదాన్నే ఉంచి, ‘ఏకాగ్రతా సూచన చికిత్స’ అని వివరించడం సముచితం. శ్రీకూర్మం పరిసరాలలోని రోగికి తాబేలు ఉదాహరణతో చెబితే, తన మనసు తన చేతిలోనే ఉంటుందన్న ధైర్యం కలుగుతుంది. చికిత్స ఆ ధైర్యంతోనే మొదలవుతుంది.