సెలవులో ఉన్న మాస్టారి పీరియడు ఎవరిది?

విజయవాడలోనైనా అవనిగడ్డలోనైనా, ప్రభుత్వ హైస్కూల్లో ఒక టీచరు సెలవు పెట్టిన రోజున సాధారణంగా బయటి నుంచి ఎవరూ రారు. ఇంగ్లండులో అయితే ఏజెన్సీకి ఫోను చేసి ‘సప్లయ్ టీచర్’ని పిలిపించుకుంటారు. మన హెడ్మాస్టరు మాత్రం ప్రార్థన అయ్యేలోగా టైంటేబుల్ ముందేసుకుని, ఏ పీరియడులో ఎవరికి లీజరుందో చూసి, సర్దుబాటు రాసి సంతకాలు పెట్టించుకుంటారు.

చిక్కేమిటంటే, ఖాళీ పడింది లెక్కల పీరియడు, లీజరున్నది హిందీ పండితులకు. త్రికోణమితి చెప్పమని ఆయన్ని అడగడం న్యాయం కాదు. ఆయన చూచిరాత రాయిస్తారు, లేదంటే తన పాఠమే కాస్త ముందుకు లాగుతారు. అదే పీఈటీకి అప్పగిస్తే పిల్లలకు పండగే! ఒకటి రెండు రోజులకు దీనివల్ల కొంపలేమీ మునగవు. ఆ పూటకు తరగతిలో పెద్దవాళ్లొకరు ఉంటే చాలు.

అసలు దెబ్బ నెలల తరబడి సెలవుతోనే. ప్రసూతి సెలవు 180 రోజులు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం అంటోంది. జూన్‌లో సెలవు మీద వెళ్లిన ఫిజిక్స్ మేడమ్ తిరిగొచ్చేది డిసెంబరులో. చిన్న హైస్కూళ్లలో ఆ సబ్జెక్టుకు ఆమె ఒక్కరే కావచ్చు. కానీ కాగితం మీద ఆ పోస్టు నిండే ఉంటుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు, మంచిదే. అయితే ఏ డీఎస్సీ అయినా పూడ్చేది ఖాళీలనే, సెలవులను కాదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు.

ఇలాంటప్పుడు మిగిలేది ‘పని సర్దుబాటు’. ఒక బళ్లో మిగులు టీచరుంటే అధికారులు ఇంకో బడికి పంపుతారు. విజయవాడలో అది సిటీ బస్సు దూరం. నాగాయలంక వైపు పక్క బడి కూడా ఒంటి టీచరుతో నెట్టుకొస్తుంటే ఎవరిని పంపాలి? ప్రాథమిక బడికైతే క్లస్టర్ మొబైల్ టీచరును పంపి తలుపు తెరిచి ఉంచవచ్చు. హైస్కూలుకు ఎవరో ఒకరు వస్తే సరిపోదు, ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లే రావాలి.

విద్యా వాలంటీర్లు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు అంటూ గౌరవ వేతనం మీద తీసుకోవడం మనకు పాత అలవాటే. 1980ల్లో నెలకు 398 రూపాయలకు చేరిన స్పెషల్ టీచర్లు, ఆ కాలాన్ని ఇంక్రిమెంట్లకు లెక్కించమని ఏళ్ల తరబడి తిరిగారు. ఏప్రిల్‌లో ఇంటికి పంపేవాళ్లను ఏటా వెతుక్కునే బదులు, రైల్వేలోలాగా ‘లీవ్ రిజర్వు’ పోస్టులు పెట్టడం మేలని నా ఉద్దేశం. సిబ్బందిలో కొందరు ఎప్పుడూ సెలవులో ఉంటారని అక్కడ ముందే లెక్కవేసి, ఆ మేరకు అదనపు పోస్టులు మంజూరు చేస్తారు. మండలానికి లెక్కలకొకరు, సైన్సుకొకరు అలా ఉన్నా చాలావరకు గడుస్తుంది.

డబ్బు ఖర్చు లేని పని కూడా ఒకటుంది. వెళ్లే టీచరు ఏ అధ్యాయం, ఏ అభ్యాసం దాకా చెప్పారో, ఎవరు వెనకబడ్డారో ఒక పేజీ రాసి బళ్లో ఉంచడం. అది లేక కొత్తగా వచ్చినవాళ్లు మొదటి పాఠం నుంచి ఎత్తుకుంటే, పిల్లలు ఒకే పాఠం రెండుసార్లు విని చివరి పాఠాలు అసలు వినకుండానే పరీక్షకు వెళ్తారు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతో పాటు, “మా పిల్లకు సైన్సు ఇప్పుడెవరు చెబుతున్నారు, ఎక్కడి నుంచి మొదలుపెట్టారు?” అని కూడా అడగవచ్చు.