మెట్ట పొలాల మీద థర్మల్ పటం

ఎండాకాలం మధ్యాహ్నం ఆదోని కొండల మీద గద్ద రెక్క ఆడించకుండానే గిరికీలు కొడుతూ పైకి పోతుంది. దాన్ని మోసేది నేల వేడికి లేచే గాలి. ఇంజను లేని గ్లైడర్లకూ పారాగ్లైడర్లకూ అదే ఆధారం, పైలట్లు దాన్ని థర్మల్ అంటారు. మామూలు గాలిలో పారాగ్లైడర్ సెకనుకు మీటరుకు పైగా దిగిపోతూనే ఉంటుంది. అంతకు మించిన వేగంతో లేచే గాలి దొరక్కపోతే పైలట్ ఏదో ఒక పొలంలో దిగాల్సిందే. కంటికి కనబడని ఆ గాలికి సాక్ష్యం జీపీఎస్ ట్రాక్. పరికరం కొన్ని సెకన్లకోసారి సమయం, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు రాసుకుంటూ పోతుంది. 20 సెకన్లలో ఒక చుట్టు తిరిగేసరికి ఎత్తు 1,200 మీటర్ల నుంచి 1,230కి పెరిగిందంటే, పైలట్ సెకనుకు మీటరున్నర ఎక్కినట్టు. వేల ట్రాక్‌లలోని ఇలాంటి చుట్లను ఒకచోట చేర్చి గీసిందే థర్మల్ పటం. పైలట్లు వాడే కేకే7 పటం అలా తయారైందే.

గాలి ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు కదా, పటం ఏం పనికొస్తుందని అడగవచ్చు. ఒక్కో థర్మల్ నిమిషాల్లో చెదిరిపోయే మాట నిజమే. కానీ నేల మారదు, ఎండ పడే తీరూ పెద్దగా మారదు. ఎండను పట్టే బండరాళ్ల వాలు, పంట కోసేసిన నల్లరేగడి చేను, పక్కనే తుంగభద్ర దిగువ కాలువ కింద తడిసిన మడి: వేడి నేలా చల్లని నేలా కలిసే ఇలాంటి అంచుల దగ్గర గాలి మళ్లీ మళ్లీ లేస్తుంది. అయితే అదే నల్లరేగడి వాన పడ్డాక తడి ఆరేదాకా అంతగా వేడెక్కదు, కనుక నెలలవారీగా వేరు చేయని పటాన్ని నమ్మి బయల్దేరకూడదు. గాలివాటాన్ని కూడా లెక్కించాలి. సెకనుకు 2 మీటర్ల వేగంతో లేచే గాలి 1,000 మీటర్ల ఎత్తుకు చేరడానికి 500 సెకన్లు పడుతుంది. ఆలోగా సెకనుకు 4 మీటర్ల పడమటి గాలి దాన్ని 2 కిలోమీటర్లు తూర్పుకు నెట్టేస్తుంది. పటం మీద చుక్క ఎమ్మిగనూరు పైన పడ్డా ఆ గాలి లేచిన చేను ఊరికి పడమట ఉండవచ్చు.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. పటం చూపేది పైలట్లు తిరిగిన దారుల్నే. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీ జరిగిన హిమాచల్‌లోని బీర్ లాంటి చోట పటం నిండా రంగే. జనం ఎగరని మెట్ట ప్రాంతం మీద అది ఖాళీగా ఉంటే అక్కడ థర్మల్ లేదని అర్థం కాదు. అందుకే ఎక్కిన చుట్ల సంఖ్యను మాత్రమే గీయడం చాలదని నా వాదన. ఆ చోటును దాటినవాళ్లలో ఎందరికి ఎత్తు దొరికిందో, ఆ నిష్పత్తిని గీయాలి. అందుకు కావలసిన సమాచారం ట్రాక్‌లోనే ఉంది: నేరుగా జారిపోయిన గీతలు కూడా అందులో నమోదయ్యే ఉంటాయి, వాటిని పారేయకుండా లెక్కలో కలపాలి. నలుగురే దాటిన చోటును నాలుగు వందల మంది దాటిన చోటుతో సమానంగా చూపకుండా, దాన్ని లేత రంగులో ఉంచాలి. అప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఖాళీ కనబడితే, అక్కడ గాలి లేవలేదో, అసలు ఎవరూ ఎగరలేదో పైలట్‌కు నేల మీద ఉండగానే తెలుస్తుంది.